లంబసింగి ప్రయాణం: టెంటు కొనే ముందు

అందరికీ నమస్కారం. డిసెంబరు ప్రయాణానికి ఏ టెంటు కొనాలని చాలామంది అడిగారు. అందరికీ ఇక్కడే చెబుతున్నాను.

విసిరితే తెరుచుకునే ఒంటి పొర టెంటు మాత్రం దయచేసి వద్దు. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. నిరుడు అక్కడ నేను అలాంటిదాంట్లోనే పడుకున్నాను. బయట మంచు, లోపల మన ఊపిరి ఆవిరి. తెల్లవారుజామున నుదుటి మీద నీటి బొట్టు పడి మెలకువ వచ్చింది. చేత్తో తడిమితే పైకప్పంతా చెమ్మ, దుప్పటి అంచులు తడిసి ముద్దయ్యాయి. లోపల జాలీ గుడ్డ, దానిపైన విడిగా కప్పే వానపొర ఉన్నదే తీసుకోండి. రెండింటి మధ్య ఖాళీ ఉంటే చెమ్మ పై పొరకే అంటుకుంటుంది. చలిగా ఉందని గాలి కిటికీలు పూర్తిగా మూసేయకండి.

‘ఇద్దరికి’ అని రాసి ఉంటే ఇద్దరు ఆనుకొని పడుకోవడానికే సరిపోతుంది, సంచులకు చోటుండదు. ముగ్గురిది కొనండి. కొండలెక్కే అలవాటున్నవాళ్లు బరువు 2.5 కిలోలు దాటకుండా చూసుకోండి. కారు పక్కనే వేసుకునేవాళ్లకు ఆ లెక్క అక్కర్లేదు, నిలబడే ఎత్తున్నది హాయి.

తర్వాత సూర్యలంక తీరానికీ వచ్చేవాళ్లకు ఒక మాట: ఇసుకలో మామూలు మేకులు నిలవవు. చిన్న గుడ్డసంచుల్లో ఇసుక నింపి, టెంటు తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టాలి. పాత సంచులు నాలుగు దాచి ఉంచండి.

కొన్నాక డాబా మీద ఒకసారి వేసి, నీళ్లు చల్లి కుట్లు చూడండి. నా దగ్గర ఒక టెంటు అదనంగా ఉంది. కావలసినవాళ్లు శనివారంలోపు ఇక్కడే చెప్పండి.