టాబ్లెట్లో డిస్కు సినిమా: లోపల వద్దు, బయటి నుంచి కావాలి

ఒరేయ్ శీనూ,

టాబ్లెట్లలో ఇన్ని హంగులు పెడుతున్నారు కదా, డబ్బులు పెట్టి కొనుక్కున్న సినిమా డిస్కులు చూసుకోవడానికి ఒక్క దారైనా ఎందుకు లేదని గట్టిగానే అడిగావు. న్యాయమైన ప్రశ్నే. నా మాట ముందే చెప్పేస్తాను. డిస్కు డ్రైవు టాబ్లెట్ లోపల అక్కర్లేదు. బయట ఒక డ్రైవుని కేబుల్‌తో తగిలిస్తే మాత్రం సినిమా ఆడితీరాలి. ఇప్పుడది ఆడకపోవడానికి ఉన్న కారణాల్లో చాలావరకు తయారీదారులు తలుచుకుంటే తీరిపోయేవే.

లోపల ఎందుకు వద్దంటున్నానో చూడు. డిస్కు అడ్డకొలత 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లే. కానీ దాన్ని తిప్పే మోటారు, కింద జరిగే లేజర్, ఆ లేజర్ కటకం పైకీ కిందికీ కదలడానికి చోటు, ఇవన్నీ కావాలి. అందుకే ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన సన్నటి డ్రైవులు కూడా ఎక్కువగా 12.7 లేదా 9.5 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. 2024లో వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో మొత్తం మందమే 5.1 మిల్లీమీటర్లు. అందులో డ్రైవు పెట్టాలంటే టాబ్లెట్ రెండింతలు లావవుతుంది, బ్యాటరీ ఉండాల్సిన చోటంతా డ్రైవే తినేస్తుంది. పైగా టాబ్లెట్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ వాలుస్తాం. డీవీడీ మామూలు వేగంతో ఆడేటప్పుడు, లోపలి అంచు దగ్గర చదువుతుంటే, నిమిషానికి సుమారు 1,400 సార్లు తిరుగుతుంది. దాని మీద సమాచారం రాసి ఉన్న సన్నటి జాడల మధ్య దూరం 0.74 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), బ్లూరేలో అయితే 0.32. అంత సన్నటి జాడని వెంబడిస్తున్న లేజర్‌కి ఒక్క కుదుపు చాలు, గురి తప్పుతుంది, బొమ్మ ఆగిపోతుంది.

చేతిలో పట్టుకునే పరికరంలో డిస్కు పెట్టినవాళ్లు లేకపోలేదు. సోనీ 2004లో తెచ్చిన ఆటల పరికరం పీఎస్‌పీలో 60 మిల్లీమీటర్ల చిన్న డిస్కు, ప్లాస్టిక్ తొడుగుతో సహా ఉండేది. 1.8 గిగాబైట్లు పట్టేది, దాని మీద సినిమాలు కూడా అమ్మారు. అయితే ఆ సినిమాలు విడిగా మళ్లీ కొనాల్సిందే, ఇంట్లో ఉన్న డీవీడీ అందులో పట్టదు. 2009లో వచ్చిన పీఎస్‌పీ గోలో డిస్కునే తీసేశారు.

కాబట్టి బయటి డ్రైవే మనకు దారి. దాన్ని టాబ్లెట్‌కి తగిలిస్తే ఒకదాని తర్వాత ఒకటి నాలుగు అడ్డంకులు వస్తాయి.

మొదటిది కరెంటు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు నికరంగా ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో డ్రైవు 1 ఆంపియర్‌కి పైగా లాగొచ్చు. అప్పుడేమవుతుందంటే డ్రైవు టిక్కుమంటుంది, కాస్త తిరిగి ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. చాలామంది డ్రైవు పాడైందనుకుని తిప్పి పంపేస్తారు. డ్రైవు బాగానే ఉంటుంది, చాలనిది కరెంటే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే తీరిపోతుంది.

రెండోది ఫైల్ వ్యవస్థ, అంటే డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి. డీవీడీ, బ్లూరేలు యూడీఎఫ్ అనే పద్ధతిలో రాసి ఉంటాయి. ఆండ్రాయిడ్ మామూలుగా గుర్తుపట్టేవి పెన్‌డ్రైవుల్లో ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ లాంటివి. ఐప్యాడ్‌లో 2019 నుంచి బయటి డ్రైవులు తెరవనిస్తున్నారు, అయినా సినిమా డిస్కు దగ్గర అదీ చేతులెత్తేస్తుంది. ఆపిల్ సొంతంగా అమ్మిన డీవీడీ డ్రైవు, సూపర్‌డ్రైవు కూడా ఐప్యాడ్‌తో పనిచెయ్యదు!

మూడోది తాళం. అమ్మకానికి వచ్చే డీవీడీల్లో చాలావాటికి సీఎస్ఎస్ అనే రక్షణ ఉంటుంది, బ్లూరేకి ఏఏసీఎస్. వాటిని చట్టబద్ధంగా విప్పే ప్లేయర్ చెయ్యాలంటే లైసెన్సు తీసుకోవాలి. దీనికి తోడు రీజియన్ కోడ్, అంటే ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు ఆ ప్రాంతానికి పెట్టిన ప్లేయర్లోనే ఆడేలా చేసే గుర్తు. కంప్యూటర్ డ్రైవుల్లో దాన్ని మొత్తం 5 సార్లు మార్చనిస్తారు, ఆ తర్వాత చివరిగా పెట్టిన రీజియన్ మీదే బిగుసుకుపోతుంది. కనుక డ్రైవు కొన్న రోజే సరదాగా మార్చి చూడకు.

నాలుగోది ఎంపెగ్-2, వీడియోని కుదించే పద్ధతి. డీవీడీలో బొమ్మ ఉండేది ఈ పద్ధతిలోనే. ఒకప్పుడు దీన్ని ఆడించే ప్రతి పరికరానికీ పేటెంట్ రుసుము కట్టాలి కాబట్టి వదిలేస్తున్నామనేవాళ్లు. 2012లో విండోస్ 8 నుంచి డీవీడీ ప్లేబ్యాక్ తీసేసినప్పుడు కూడా ఖర్చే కారణంగా చెప్పారు. అమెరికాలో ఆ పేటెంట్ల గడువు 2018లో తీరిపోయింది. డీవీడీ సినిమాలో సమాచారం వచ్చే గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 10 మెగాబిట్లే, ఇప్పటి చవక చిప్పుకి కూడా అది లెక్కలోకి రాదు. ఇక మిగిలిన సాకేమిటో నువ్వే చెప్పు.

చెయ్యగలరనడానికి రుజువులు కూడా ఉన్నాయి. శాంసంగ్ 2012లోనే ఆప్టికల్ స్మార్ట్‌హబ్ అని, డిస్కులోని సినిమాని వై-ఫై మీద టాబ్లెట్‌కి పంపే డ్రైవుని తెచ్చింది. ఆండ్రాయిడ్ కోసం ప్రత్యేకంగా యాప్ ఇచ్చే డ్రైవులూ ఉన్నాయి, కొనేముందు పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. ఇక ఇంటెల్, ఏఎండీ చిప్పులున్న విండోస్ టాబ్లెట్ అయితే యూఎస్‌బీ డ్రైవు తగిలించి వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్లో డీవీడీ నేరుగా ఆడించొచ్చు. మిగతా టాబ్లెట్లకీ అంతమాత్రం వీలు ఉండాలనేదే నా వాదన.

బ్లూరే విషయంలో మాత్రం నీకు ఆశ పెట్టను. తాళాల తాకిడి అక్కడ చాలా ఎక్కువ. 4కే బ్లూరేని కంప్యూటర్లో ఆడించడానికి అధికారిక ప్లేయర్లు ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే రక్షణ సౌకర్యం మీద ఆధారపడ్డాయి. 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ దాన్ని తీసేయడంతో కొత్త కంప్యూటర్లలో కూడా ఆ దారి మూసుకుపోయింది. టాబ్లెట్ దాకా వచ్చే సూచన నాకు కనపడటం లేదు.

అందాకా చెయ్యగలిగిన పని, కంప్యూటర్లో కాపీ తీసి టాబ్లెట్‌లోకి ఎక్కించుకోవడం. సొంత డిస్కైనా సరే తాళం విప్పడం కొన్ని దేశాల చట్టం ఒప్పుకోదు, అది ముందు చూసుకో. పద్ధతి ఇది. డిస్కుని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు, గుండ్రంగా రుద్దొద్దు. జాడ వెంబడి పడిన గీత వల్ల వరసగా చాలా సమాచారం పోతుంది, అడ్డంగా పడిన గీతని డ్రైవు సులువుగా సరిదిద్దుకుంటుంది. తర్వాత డిస్కులోని సినిమాని ఎంకేవీ అనే వీడియో ఫైలుగా కాపీ చేసే మేక్‌ఎంకేవీ ప్రోగ్రాంలో డిస్కు తెరువు. డిస్కులోని ఒక్కో వీడియోని అందులో టైటిల్ అంటారు. అన్నింటికంటే పొడుగైన టైటిలే సాధారణంగా సినిమా. ఒకే నిడివితో పదులకొద్దీ టైటిళ్లు కనిపించాయంటే అవి కాపీని అడ్డుకోవడానికి పెట్టిన దొంగ టైటిళ్లు. డిస్కుని వీఎల్‌సీలో ఆడించి, సినిమా నడుస్తున్నప్పుడు ప్లేబ్యాక్ మెనూలో ఏ టైటిల్ నంబరు ఉందో చూసి దాన్నే ఎంచుకో. కావలసిన ఆడియో, సబ్‌టైటిళ్లకి టిక్కు పెట్టి కాపీ చెయ్యి. గీతలు లేని డిస్కుకి పావుగంట నుంచి అరగంట పట్టొచ్చు.

వచ్చే ఎంకేవీ ఫైలు తరచుగా 4 నుంచి 7 గిగాబైట్లు ఉంటుంది. మెమరీ కార్డు ఫ్యాట్32లో ఉంటే 4 గిగాబైట్లు దాటిన ఫైలుని తీసుకోదు, ఖాళీ ఎంత ఉన్నా సరే. కార్డుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చెయ్యి. చోటు తక్కువుంటే ఫైలుని వీడియోలు కుదించే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాంలో వేసి, వీడియో పద్ధతి హెచ్.264, నాణ్యత ఆర్ఎఫ్ 20 పెట్టు, చాలా సినిమాలు బాగా చిన్నవవుతాయి. బొమ్మ సైజు పెంచే జోలికి పోకు. డీవీడీలో ఉన్నది 720×576 లేదా 720×480 చుక్కలే, పెంచితే ఫైలు లావవుతుంది గానీ బొమ్మలో కొత్త వివరమేదీ పుట్టదు. కదిలే మనుషుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే హ్యాండ్‌బ్రేక్‌లో వాటిని తీసేసే డీకోంబ్ ఫిల్టర్ పెట్టి మళ్లీ చెయ్యి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే డాల్బీ ఏసీ3 ఆడియోని ఆ టాబ్లెట్ ప్లేయర్ ఆడించలేకపోతోందన్నమాట. ఆడియోని స్టీరియో ఏఏసీగా మార్చు, లేదంటే వీఎల్‌సీలో చూడు. డీవీడీ సబ్‌టైటిళ్లు అక్షరాలుగా ఉండవు, బొమ్మలుగా ఉంటాయి. ఎంపీ4లోకి మార్చితే చాలా ప్లేయర్లలో అవి కనిపించకపోవచ్చు, అందుకని ఎంకేవీలోనే ఉంచుకో.

ఇంత తంటా దేనికి, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చుగా అంటారు. అక్కడ సినిమా ఉండేది హక్కుల ఒప్పందం ఉన్నంతకాలమే, డౌన్‌లోడ్ చేసుకున్నదానికీ గడువు ఉంటుంది. డిస్కులో ఉండే దర్శకుడి వ్యాఖ్యానం, తీసేసిన సన్నివేశాలు చాలావరకు అక్కడికి రానేరావు. డిస్కు కొన్నవాడికి దాన్ని తనకు నచ్చిన తెర మీద చూసుకునే హక్కు ఉండాలి. ఇందులో నేను రాజీపడను.

నీ దగ్గరున్నది ఏ టాబ్లెట్టో, డిస్కుల్లో ఎన్ని డీవీడీలో ఎన్ని బ్లూరేలో రాయి. ముందు అన్నిటికంటే తక్కువ గీతలున్న డీవీడీ ఒకదానితో మొదలుపెట్టు. అది చివరిదాకా కాపీ అయితే డ్రైవు బాగున్నట్టే, తర్వాత గీతలు పడినవాటి సంగతి చూద్దాం.

నీ
రాము