పేరు నెట్‌లో పెట్టే ముందు ఎవరు తేలుస్తారు?

సంపాదకులు గారికి,

ఆడపిల్ల మీద ఘోరం జరిగిందని వార్త రాగానే మొదలయ్యే మాట ఒకటుంది, 'అమెరికాలోలాగా ఈ వెధవల పేర్లు, ఫొటోలు నెట్‌లో పెట్టేయండి' అని. ఆ కోపం నాకూ ఉంది. 2018 సెప్టెంబరులో మన దేశంలో మొదలైన లైంగిక నేరస్తుల జాబితా పోలీసులు, దర్యాప్తు సంస్థలే చూడగలవు, దాన్ని జనానికి తెరవమంటున్నారు. మరి అమెరికాలో పేరు నెట్‌కి ఎక్కేముందు ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరే!

మసాచుసెట్స్ రాష్ట్రం సంగతి చూడండి. మళ్లీ నేరం చేసే అవకాశాన్ని బట్టి అక్కడ ఒక బోర్డు 1, 2, 3 అని లెవెల్ ఇస్తుంది. 1 అయితే వివరాలు జనానికి ఇవ్వరు, 3 అయితే ఎవరైనా చూడొచ్చు. ఒప్పుకోనివాళ్లు ముందు బోర్డు దగ్గరే విచారణ అడగాలి, అక్కడా నచ్చకపోతే సుపీరియర్ కోర్టు (పేరు అలా ఉన్నా అది కింది కోర్టే). జడ్జి కేసంతా మొదటినుంచి వినరు, బోర్డు చెప్పినదానికి తగిన ఆధారం ఉందా, ఇష్టమొచ్చినట్టు రాసేశారా అన్నదే చూస్తారు. (కోర్టు కాగితాల్లో అసలు పేరు కూడా ఉండదు, జాన్ డో అని, పక్కన ఒక నంబరు.) అలా 2010లో, వయసు పెరిగితే రిస్క్ తగ్గుతుందన్న అధ్యయనాలను బోర్డు పట్టించుకోలేదని రాష్ట్ర అత్యున్నత కోర్టు ఒకరి లెవెల్ 3ని కొట్టేసి మళ్లీ చూడమంది. 2013లో ఒక మహిళ కేసులోనూ దాదాపు అదే, ఆడవాళ్ల రిస్క్ గురించిన ఆధారాలు చూడకుండా లెవెల్ ఎలా ఇచ్చారని. 2015లో అయితే ఏకంగా రుజువు స్థాయినే పెంచేసింది, అంతకుముందు ఆధారాలు కాస్త ఇటు మొగ్గితే సరిపోయేది, ఇప్పుడు బోర్డు స్పష్టంగా, నమ్మకం కలిగేలా రుజువు చేయాల్సిందే.

న్యూయార్క్‌లో బోర్డుది సిఫార్సే, లెవెల్ ఖరారు చేసేది జడ్జి. 15 అంశాలకు పాయింట్లు వేస్తారు, 110 వస్తే లెవెల్ 3, ఒక్కో పాయింటు మీదా వాదించుకోవచ్చు.

నేరస్తుల మీద నాకేం జాలి లేదు. కానీ అడ్డదిడ్డంగా అందరికీ లెవెల్ 3 ఇచ్చేస్తే పోలీసులు ఎవరి మీద కన్నేసి ఉంచాలి? అసలు ప్రమాదకరమైనవాడు ఆ గుంపులో హాయిగా కలిసిపోతాడు. ఇంకోటి, మన పోక్సో కేసుల్లో చేసినవాడు చాలాసార్లు తెలిసినవాడే, ఒక్కోసారి ఇంట్లోవాడే. వాడి ఫొటో ఊరంతా తిరిగితే ఆ పిల్ల ఎవరో తెలిసిపోదా?

జాబితా తెరవాలనుకుంటే తెరవండి. లెవెల్ ఎవరిస్తారు, ఏ కోర్టుకి అప్పీలు, ఎంత గడువు, డబ్బు లేనివాడికి లాయర్ని ఎవరు పెడతారు, ఇవి ముందు చట్టంలో రాయమనండి. ఈసారి ఆ డిమాండ్ వార్త వేసేటప్పుడు మీ విలేకరులు నాయకుల్ని ఈ నాలుగూ అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, వరంగల్