చిన్న టర్బైన్ల వార్తల్లో చెప్పవలసిన లెక్క

సంపాదకులకు నమస్కారం.

వెంట తీసుకువెళ్లగల విద్యుత్ కోసం రూపొందిస్తున్న సూక్ష్మ గ్యాస్ టర్బైన్ల (గాలిని నొక్కి, అందులో ఇంధనాన్ని మండించి, ఆ వేడి వాయువుతో రెక్కల చక్రాన్ని తిప్పే చిన్న ఇంజన్ల) గురించి వచ్చే కథనాల్లో ఒకే వాదన పదేపదే కనిపిస్తుంది: కిలో డీజిలులో లేదా కిరోసినులో సుమారు 12,000 వాట్-అవర్ల శక్తి ఉండగా, కిలో లిథియం అయాన్ బ్యాటరీలో దాదాపు 250 మాత్రమే ఉంటుంది కాబట్టి, బ్యాటరీల కాలం చెల్లినట్టేనని. ఈ అంకెలు తప్పు కావు. అయితే ఆ ఇంధనంలో ఎంత భాగం విద్యుత్తుగా మారి తీగ చివరకు చేరుతుందో చెప్పకపోతే ఆ పోలికకు విలువ లేదు. ఇంజను సామర్థ్యం 2 శాతమే అయితే కిలో ఇంధనం నుంచి దక్కేది 240 వాట్-అవర్లు, అంటే బ్యాటరీ ఇచ్చేపాటి మాత్రమే. ఇంజను, ట్యాంకు బరువు ఇందులో కలపనేలేదు.

చిన్న ఇంజన్లలో సామర్థ్యం అంతగా ఎందుకు పడిపోతుందన్నది అసలు విషయం. గ్యాస్ టర్బైనులో టర్బైను ఉత్పత్తి చేసే శక్తిలో సగానికి పైగా ముందున్న, గాలిని నొక్కే కంప్రెసరును తిప్పడానికే ఖర్చవుతుంది; మనకు మిగిలేది ఆ రెండింటి తేడా. అందువల్ల ఒక్కొక్క భాగంలో కొద్దిపాటి నష్టం పెరిగినా మిగులు వేగంగా కరిగిపోతుంది. పరిమాణం తగ్గించినకొద్దీ ఆ నష్టాలన్నీ పెరుగుతాయి. అర మిల్లీమీటరు ఎత్తున్న రెక్కకూ కవచానికీ మధ్య 0.05 మిల్లీమీటరు ఖాళీ ఉన్నా అది రెక్క ఎత్తులో పదో వంతు, గాలి అందులోంచి జారిపోతుంది. టర్బైను వేడి పక్కనే ఉన్న కంప్రెసరులోకి పాకి, లోపలికి వచ్చే గాలిని ముందే వేడెక్కించడంతో దాన్ని నొక్కడానికి మరింత శ్రమ పడుతుంది. దహనగది మరీ చిన్నదైతే ఇంధనం పూర్తిగా మండేలోపే వాయువు బయటికి వెళ్లిపోతుంది, పైగా గోడల గుండా వేడి పోతుంది.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1990ల మధ్య నుంచి అలన్ ఎప్‌స్టీన్ బృందం సిలికాన్ పలకలను చెక్కి, కొన్ని మిల్లీమీటర్ల రోటరును (తిరిగే చక్రాన్ని) నిమిషానికి 10 లక్షలకు పైగా చుట్లు తిప్పేలా చేసిన కృషి అద్భుతమే. భాగాలను విడివిడిగా పరీక్షించి చూపారు గానీ, జేబులో పట్టే జనరేటరుగా అది బజారుకు రాలేదు. చుట్ల సంఖ్య శీర్షికకు బాగుంటుంది, వాట్ల సంఖ్య మాత్రం ఎక్కడో చివర దాక్కుంటుంది.

ఇది ఆ రంగాన్ని చిన్నచూపు చూడడం కాదు. సూక్ష్మ టర్బైన్లు తయారుచేసే క్యాప్‌స్టోన్ సంస్థ 30 కిలోవాట్ల యంత్రం నిమిషానికి 96,000 చుట్లు తిరుగుతూ, ఇరుసును గాలి పొరపై తేల్చే గాలి బేరింగులపై, కందెన నూనె అవసరం లేకుండా, 26 శాతం మేర సామర్థ్యంతో పనిచేస్తుంది. పొగగొట్టం వేడితో, కంప్రెసరు నొక్కిన గాలిని దహనగదికి చేరేలోపు వేడిచేసే ఉష్ణమార్పిడి పరికరం లేకపోతే ఈ సామర్థ్యం సాధ్యం కాదు. అయితే దాని బరువు వందల కిలోలు, చేతిలో పట్టుకెళ్లేది కాదు. ఈ రెండు కొసల మధ్య, కొద్ది కిలోవాట్ల శ్రేణిలో, కంపనం తక్కువగా ఉండి రకరకాల ఇంధనాలతో నడిచే యంత్రాలకు, ముఖ్యంగా ఇంజనూ బ్యాటరీ కలిసి నడిపే హైబ్రిడ్ డ్రోన్లలో, నిజమైన అవకాశం ఉందని నా అభిప్రాయం.

కాబట్టి ఇటువంటి పరిశోధన గురించి రాసేటప్పుడు బయటికి వచ్చే నికర విద్యుత్తు ఎన్ని వాట్లు, గంటకు ఖర్చయ్యే ఇంధనం ఎంత, ఇంధనంతో సహా మొత్తం బరువెంత అన్న మూడు అంకెలను పరిశోధకులను అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు