సారా పోరులో నిలిచిన అవ్వల మాటలు ఇప్పుడే రాసుకోవాలి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

గత నెలలో మా అవ్వ కన్నుమూసింది. పెద్దకర్మనాడు వేయించిన ఫ్లెక్సీలో ఆమె ఫొటో కింద కొడుకుల పేర్లు, అల్లుళ్ల ఉద్యోగాలు, మనవళ్లు ఉంటున్న ఊళ్లు అన్నీ వచ్చాయి గానీ, 1992లో ఆమె మా ఊరి సారా అంగడి ముందు రోజుల తరబడి కూర్చున్న సంగతి మాత్రం రాలేదు. ఆ మాటలు రాసిచ్చింది నేనే. ఆ బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట గ్రామం. ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరా అమ్మించిన ఆ కాలంలో, తాత సాయంత్రం తీసుకున్న కూలిలో సగానికి పైగా ఇల్లు చేరకముందే అయిపోయేదని మా అమ్మ చెప్పేది. అవ్వ తన కూలి డబ్బులను కొంగున ముడి వేసుకొని, ఆ ముడిని నడుము కింద పెట్టుకొని పడుకొనేదట. తెల్లవారి లేచి చూస్తే కొంగు కోసి ఉన్న రోజులు కూడా ఉన్నాయట.

పెద్దలకు చదువు నేర్పే అక్షర దీపం కార్యక్రమం కింద మా వీధి రామాలయం అరుగు మీద రాత్రిబడి పెట్టేనాటికి అవ్వకు 45 ఏళ్లు ఉంటాయి. పగలంతా కలుపు తీసిన వేళ్లలో బలపం నిలిచేది కాదని, 'అ' దిద్దడానికే వారం పట్టిందని చెప్పేది. ఆ తర్వాత చదివించిన వాచకంలో, కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా అంగడిని మూయించిన తీరును చెప్పే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠం ఉండేది. ఆ చదువే సారా వ్యతిరేక ఉద్యమాన్ని పుట్టించిందని చాలామంది రాశారు. అవ్వ మాత్రం ఆ మాట పూర్తిగా ఒప్పుకొనేది కాదు. "కడుపుమంట ముందునుంచీ ఉన్నిందే. దూబగుంటోళ్లు చేశారని తెలిశాక ధైర్యం వచ్చింది" అనేది. నాకు అవ్వ మాటే సరైనదనిపిస్తుంది.

మా ఊళ్లో ఆడవాళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకొని ఊరి మొదట్లోనే సారా జీపును ఆపారు. తాగి వచ్చిన రాత్రి అవ్వ తాతకు తలుపు తీయలేదు. తీయనైతే తీయలేదు గానీ, తెల్లవార్లూ లోపల తలుపుకు వీపు ఆనించి తానూ మేలుకొనే కూర్చుందట. ఆనాటి నుంచి సారా జీపు రాని రోజున గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో 'రాలా' అని రాసుకొనేది. ఆమె ఎవరూ చెప్పకుండా తనకు తానుగా రాసిన మొదటి మాట అదే.

ఇలాంటి ఊళ్లు ఎన్నో కదిలినందువల్లనే సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి, 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1997లో సడలిపోయింది. సడలించిన వార్తను అవ్వ తానే పేపరులో కూడబలుక్కొని చదువుకొంది. చదివి, పేపరు మడిచి, ఆ పూట అన్నం తినలేదు.

దూబగుంట పేరు, అక్కడి ఆడవాళ్లను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు చరిత్రలో నిలిచాయి. నిలవవలసిన పేర్లే. కానీ మిగిలిన ఊళ్లలో జీపులకు అడ్డం నిలిచినవారు, మొగుళ్ల చేత దెబ్బలు తిని మరునాడు మళ్లీ వచ్చి కూర్చున్నవారు ఎవరో ఆ ఊళ్ల పిల్లలకే తెలియదు. ఆనాడు 40 ఏళ్లున్నవారికి ఇప్పుడు 70 దాటాయి. మీ పత్రిక జిల్లా పేజీల్లో వారానికి ఒక ఊరి చొప్పున వారి మాటలను వారి యాసలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. రాత్రిబడుల హాజరు పట్టీలు ఏ కార్యాలయం బీరువాలోనైనా మిగిలి ఉంటే, వాటిని పాత కాగితాల కింద అమ్మేయకుండా భద్రపరచాలని జిల్లా అధికారులకు కూడా మీ ద్వారా మనవి చేస్తున్నాను.

అవ్వ ఇనపపెట్టెలో ఆ వాచకమూ, 1992 క్యాలెండరు చివరి మూడు నెలల కాగితాలూ ఉన్నాయి. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను. ఆనాడు ఆమె పక్కన కూర్చున్నవారిలో మా ఊళ్లో ఇంకా నలుగురున్నారు. వారిలో ఒకరికి చూపు పూర్తిగా మందగించింది గానీ, సారా తెచ్చిన ఆ జీపు నంబరు ఇప్పటికీ తడుముకోకుండా చెబుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా