వార్షిక నివేదిక: స్పెక్ట్రమ్ మీద సి భాష

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

1982లో బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌ను మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986 నుంచి లైసెన్సు మీద 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో అమ్మింది. ఒక సభ్యుడి ఇంట్లో అటక మీద దొరికిన ఆ మెషీన్‌లో సి భాషలో రాసి, ఉచిత కంపైలర్‌తో (రాసిన కోడ్‌ను మెషీన్ ఆదేశాలుగా మార్చే సాధనం) చేసిన ప్రోగ్రాములు నడపాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఆ పని పూర్తయింది.

ముందు రిపేరు. ఎండిపోయిన కెపాసిటర్లు, కీబోర్డు కింది పొర మార్చాం. దీనికి 9 వోల్టుల అడాప్టర్ కావాలి, కానీ పిన్ను మధ్యలో నెగటివ్ ఉండాలి. ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం ఇందుకు పూర్తిగా ఉల్టా. చూడకుండా పెడితే మెషీన్ పాడవుతుంది.

కంపైలర్‌గా జెడ్88డీకేను ఎంచుకున్నాం. రాన్ కేన్ 1980లో డాక్టర్ డాబ్స్ జర్నల్ అనే కంప్యూటర్ పత్రికలో ప్రచురించిన స్మాల్-సి కంపైలర్ దీనికి మూలం. కోడ్ అంతా బహిరంగం, పైసా ఖర్చు లేదు. అయితే ఇది నడిచేది మన ల్యాప్‌టాప్‌లో. స్పెక్ట్రమ్‌కు చేరేది తయారైన ప్రోగ్రాము మాత్రమే. "అయితే ఇంక గొప్పేముంది?" అని పెద్దలు కొందరు అడిగారు. ర్యామ్ ఉన్నదే 48 కిలోబైట్లు, అందులో 6912 బైట్లు తెరకే పోతాయి. మిగిలిన చోట ఎడిటర్, కంపైలర్, మన ప్రోగ్రాము మూడూ ఇరుక్కోవడం కంటే ఇదే మేలని కార్యవర్గం అభిప్రాయం. పైగా స్పెక్ట్రమ్‌లో లెక్కలు చేసే జెడ్80 చిప్‌కు గుణకారం చేసే ఆదేశమే లేదు. దశాంశాల లైబ్రరీ కలిపితే ప్రోగ్రాము ఉబ్బిపోతుంది. కాబట్టి పిల్లలు అన్నీ పూర్ణాంకాలతోనే రాశారు. పూర్ణాంకానికి ఇచ్చే 16 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 32767; అది దాటగానే లెక్క మైనస్‌లోకి ఎందుకు పోయిందో వాళ్లకు అక్కడే అర్థమైంది.

అందరూ ఎక్కువగా ఆనందించింది మాత్రం తెలుగు అక్షరాల పనే. స్పెక్ట్రమ్‌లోనే ఉండే బేసిక్ భాషలో మనం సొంతంగా గీసుకోగలిగే గుర్తులు 21. ఒక్కొక్కటి ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడి. అంత చోటులో 'క్ష' పట్టదు. అక్షరానికి నాలుగు గళ్లు ఇస్తే 21 గుర్తులూ అయిదు అక్షరాలకే అయిపోతాయి. అందుకని సి పాయింటర్‌తో (మెమరీ చిరునామాను పట్టుకునే చరరాశి) నేరుగా తెర మెమరీలోకి, అంటే 16384 చిరునామా నుంచి, రాశాం. ఒక గడిలో పై గీత నుంచి కింది గీతకు దిగాలంటే చిరునామాకు 256 కలపాలి. మొదట వింతగా అనిపించినా, కోడ్‌లో అది ఒక్క కూడికే. ఒక్కో అక్షరానికి 32 బైట్లు చొప్పున 'ఉగాది శుభాకాంక్షలు' తెర మీదకు వచ్చింది. ఒత్తులు ఇంకా సరిగా కుదరలేదు.

ప్రోగ్రామును శబ్దంగా మార్చి, ఫోన్ నుంచి ఇయర్ సాకెట్‌లోకి (క్యాసెట్ రికార్డర్ తగిలించే చోటు) వినిపించి లోడ్ చేస్తున్నాం. వేగం సెకనుకు సగటున 1500 బిట్లు, 32 కిలోబైట్లకు దాదాపు మూడు నిమిషాలు. మధ్యలో వాట్సాప్ మెసేజ్ 'టింగ్' అన్నదంటే 'టేప్ లోడింగ్ ఎర్రర్', మళ్లీ మొదటినుంచి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలన్న నియమం ఇప్పుడు బోర్డు మీద రాసి ఉంది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆమోదించగలరు. వచ్చే ఏడాది ఒత్తుల పని పూర్తిచేసి, తెలుగు అంకెలతో ఎక్కాల ఆట రాయాలని ప్రతిపాదన. పనిచేసే క్యాసెట్ రికార్డర్ ఎవరి దగ్గరైనా ఉంటే కార్యదర్శికి తెలియజేయండి.