మన కాలనీ పార్కు స్థలం సంగతి
అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున 6:30కి వాటర్ ట్యాంక్ దగ్గరికి రండి, మున్సిపల్ వాళ్లకి ఇచ్చే అర్జీ మీద సంతకాలు కావాలి. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో ఇప్పుడు సర్కారు కంప, ఇసుక కుప్పలు, ఎవరిదో టైర్లు లేని ఆటో. పార్కులు, ఆటస్థలాలు, పట్టణాల్లో చెట్ల పెంపకం అన్నీ 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో, అంటే మున్సిపాలిటీల పనుల జాబితాలో ఉన్నవే, కాబట్టి బతిమాలాల్సిన పనేం లేదు. చెట్లు నాటేటప్పుడు కోనోకార్పస్ (రోడ్ల పక్కన అందానికి పెంచే విదేశీ చెట్టు) మాత్రం వద్దని రాద్దాం. మన అనంతపురంలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదే వేప, కానుగ అయితే రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే తర్వాత వాటి పాటికి అవి బతుకుతాయి. పోయినసారి నాటిన మొక్కలకి ఫొటోలు తీశారు గానీ నీళ్లు పోయలేదు (మనమూ పోయలేదనుకోండి). పిల్లలకి వాలీబాల్ కోర్టు కూడా అడుగుదాం. పెన్ను ఎవరిది వాళ్లు తెచ్చుకోండి.