మస్తానూ, ఇది మీ చెల్లెలికి చదివి వినిపించు

కడప,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మస్తానూ,

ఎట్లుండావురా? మొన్న రాత్రి ఫోన్లో నువ్వు మాట్లాడినదానికంటే ముక్కు ఎగబీల్చిందే ఎక్కువ. మీ చెల్లెలి పిల్లోనికి సీపీ అని డాక్టరు చెప్పినాడంట, ఏడాదిన్నర వచ్చినా కూర్చోలేదంట, ప్రొద్దుటూరులో ఆ పొద్దు ఇంట్లో పొయ్యి కూడా ముట్టించలేదంట. "మీ పాప బుజ్జికీ సీపీనే, నీకైతే తెలుసు గదరా, ఏమన్నా చెప్పు" అంటివి. నువ్వేమో కువైట్‌లో డ్యూటీ ఎక్కే టైము, నా పక్కన మోటరు తెచ్చిన రైతు, ఫోన్లో ఏం చెప్పేది? అందుకే షాపు లేని పూట కూర్చొని రాస్తాండా. కాగితాలు చరణ్‌గాని నోటుబుక్కులోంచి చించినా. వాడు చూస్తే రచ్చ.

వైద్యం సంగతి ముందు చెప్పి పక్కన పెడతా. నెలలు నిండకుండా పుట్టినా, కాన్పులో ఊపిరందకపోయినా, పుట్టినాక కామెర్లు బాగా ముదిరినా మెదడులో కొంత భాగం దెబ్బతినొచ్చు. సీపీ అంటే అదే, సెరిబ్రల్ పాల్సీ. ఆ దెబ్బ పెరగదు, పూర్తిగా పోనూ పోదు. కానీ పిల్లోడు పెరిగేకొద్దీ ఎముకలు పొడుగవుతాయి, బిగుసుకున్న కండరాలు వాటితో సమానంగా సాగవు. రోజూ ఫిజియోథెరపీ అనేది అందుకు. వాడు ఏడో నెలలోనే పుట్టినాడు గదా, మీ చెల్లెలు ఏం తినింది, ఏ గ్రహణం పూట బయటికి పోయింది అని లెక్కలు తీసేవాళ్ళుంటే నువ్వు పెద్దోడివి, నోరు మూయించు. కాళ్ళు రాకపోవడం వేరు, బుద్ధి ఎదగకపోవడం వేరు. సీపీ పిల్లల్లో చానామందికి తెలివి మామూలుగానే ఉంటుంది. చూపు, వినికిడి ఇప్పుడే పరీక్ష చేయించమను. మెల్లకన్ను, ఫిట్సు వీళ్ళలో తరచూ ఉంటాయి. ఫిట్సుకు మందు రాసిస్తే, తగ్గింది గదా అని సొంతంగా నిలిపేయొద్దు. ఇంగ నూనె మర్దనతో ఆర్నెల్లలో నడిపిస్తామనేవాళ్ళు ఎర్రగుంట్ల నుంచి రేణిగుంట దాకా దొరుకుతారు. మర్దన చేసుకోనీ, పిల్లోనికి హాయిగా ఉంటుంది. డబ్బు కట్టలు మాత్రం ఇయ్యొద్దని చెప్పు.

అసలు సంగతి ఇది కాదు. మొన్న మా బుజ్జిని బళ్ళో టీచరు తిట్టింది. హోమ్‌వర్క్ చేయలేదని, చేయకుండా చేసినానని అబద్ధం చెప్పిందని. ఇంటికొచ్చి మూతి ముడుచుకొని కూర్చుంది. ఈశ్వరి నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరికేసి, చీర కొంగు నోట్లో పెట్టుకొని ఒకటే నవ్వు. నాకూ ఆగలేదు. తొమ్మిదేళ్ళలో దాన్ని బయటోళ్ళెవరూ తిట్టింది లేదురా. చూసినోళ్ళందరూ "అయ్యో తల్లీ" అని తల నిమిరేవాళ్ళే. నిమిరి నిమిరి దాని జడ ఊడిపోయేది. ఆ టీచరు మాత్రం అందరినీ తిట్టినట్టే దీన్నీ తిట్టింది. పక్క పిల్లోళ్ళతో పాటు దీన్నీ మోకాళ్ళ మీద నిలబెట్టాలనుకుందేమో, కుదరక ఊరుకుంది.

మీ చెల్లెలికి నేను చెప్పేది ఇంతే. బిడ్డను ఇంట్లో చుట్టం చేయొద్దు. వానికీ ఒక పని, ఆటలో ఒక వంతు, అల్లరి చేస్తే ఒక కేక, మిగతా పిల్లోళ్ళకు ఏముంటే అది. అదెట్లా అంటావేమో, మా ఇంట్లో ఎట్లనో చెప్తా.

బుజ్జికి కాళ్ళు బాగా బిగువు, చేతులు కొంచెం నయం, మాట నిదానం. ఒక్కో అక్షరం నోట్లో తిప్పుకొని తిప్పుకొని బయట పెడుతుంది. సాయంత్రం బడి అయినాక షాపుకు తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టుకుంటా. మోటరు కాలిపోయి వస్తే పాత తీగ పీకేసి, కొత్త రాగితీగ చెక్క అచ్చు మీద చుట్టాల గదా. ఎన్ని చుట్లో తప్పకూడదు. చుట్లు తగ్గితే అన్ని కాయిళ్ళూ సమంగా రావు, మోటరు వేడెక్కి మళ్ళా కాలొచ్చు. ఆ చుట్లు లెక్కపెట్టేది బుజ్జి పని. నేను పిడి తిప్పుతాంటే అది "ప...ద్నాలుగు... ప...దైదు" అంటాది. అది అంకె పూర్తిగా పలికేదాకా నేను చుట్టు తిప్పను. పని నిదానమవుతుంది, కానీ లెక్క తప్పదు. నేనొక్కడినే చుట్టేటప్పుడు ఫోను మోగినా, ఎవరన్నా పలకరించినా ఎక్కడున్నానో మర్చిపోతా. ఇప్పుడు ఆ బాధ లేదు. నూరు దాకా అంకెలు అది బళ్ళో కాదు, నా షాపులో నేర్చుకుంది. మాటకు కూడా అదే కసరత్తు అని స్పీచ్ థెరపీ మేడం అంది.

ఎండాకాలంలో లో వోల్టేజీకి బోర్లు, మోటర్లు వరసగా కాలి వస్తాయి, నీకు తెలిసిందే. అప్పుడు దానికి తీరికుండదు. వేంపల్లె దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చి దాన్ని చూసి, అది ఆడ కూర్చోనే ఉండగా, "పాపం, పుట్టినప్పటి నుంచీ ఇంతేనా నాయనా?" అని నన్నడిగినాడు. ఇది తలెత్తి, "తాతా, నాకు చెవులు బాగానే ఉండాయి" అంది. పెద్దాయన బిత్తరపోయినాడు. మళ్ళా మోటరు తీసుకుపోయేదానికి వచ్చినప్పుడు దానికి చెనిక్కాయల మూట తెచ్చినాడు. ఆ చెనిక్కాయలు కూడా దానితోనే ఒలిపించినాం. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కితే వేళ్ళకు పట్టు వస్తుందని థెరపీలో రబ్బరు ముద్ద ఇస్తారు. మన సీమలో రబ్బరు ముద్దెందుకురా! ఒక శేరు చెనిక్కాయలు ఒలిస్తే ఊరుబిండి పచ్చడికి పచ్చడి, థెరపీకి థెరపీ. గింజలు సగం దాని నోట్లోకే పోతాయనుకో.

నిలబడేదానికి వసారాలో నిలువు పైపులు పాతి, వాటికి రెండు జీఐ పైపులు అడ్డంగా బిగించి, వాటి మధ్య పట్టుకొని నడిచేటట్టు చేసినా. దాని నడుము ఎత్తుకు. నిలువు పైపుకు వరసగా రంధ్రాలు పెట్టినా, అది ఎత్తు పెరిగేకొద్దీ బోల్టు ఒక రంధ్రం పైకి జరుపుతాం. బోల్టు జరిపే రోజు ఇంట్లో పండగే, ఈశ్వరి పాయసం చేస్తుంది. చరణ్‌గానికి అది చూసి కడుపు మంట. "నేనూ పెరిగినా గదా, నాకెందుకు చేయరు?" అని. వానిదీ న్యాయమే. ఇంట్లో ఒక బిడ్డకు కసరత్తులు, ఆస్పత్రులు, సర్టిఫికెట్లు అని తిరుగుతాంటే రెండోది గోడకు ఆనుకొని చూస్తాంటుంది. అందుకే గురువారం సాయంత్రం వాడూ నేనూ ఇద్దరమే బండి మీద ఏడురోడ్ల దాకా పోయి కారం దోశ తిని వస్తాం. అక్కకు పార్సెల్ తేవద్దని వాని షరతు. మీ చెల్లెలికి పెద్దపాప ఉంది గదా, దాన్ని మర్చిపోవద్దని చెప్పు.

బడి సంగతి కొంచెం చేదు. మొదట ఒక ప్రైవేటు స్కూలుకు పోతే, ఆ స్కూలాయన కాఫీ ఇచ్చి మరీ "మిగతా పేరెంట్స్ ఒప్పుకోరండీ" అన్నాడు. కాఫీ మాత్రం బాగుండింది. తర్వాత మా వీధి చివర మున్సిపల్ బడికి పోయినాం. ఆ హెడ్మాస్టరుకు వికలాంగుల హక్కుల చట్టం తెలుసు. 1995లో వచ్చిన పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 రకాలు పెట్టినారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరి బళ్ళో గానీ, వాళ్ళు కోరుకున్న ప్రత్యేక బళ్ళో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఆయన మమ్మల్ని ఏమీ అడక్కుండానే మూడో తరగతిని మేడ మీంచి కిందికి మార్చినాడు. ర్యాంపు కట్టినారు గానీ అది గండికోట ఎక్కినట్టుంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు ఉండాలంట, వీళ్ళు ఐదడుగులతో సరిపెట్టినారు. ఎక్కేటప్పుడు ఇద్దరు పిల్లోళ్ళు వెనక నుంచి తోస్తారు. దిగేటప్పుడు అదే బ్రేకు పట్టుకొని "తప్పుకోండి తప్పుకోండి" అని అరుస్తాది. దానికి ఆ దిగేదే ఇష్టం.

మీ మేనల్లునికి ఇంకా బడి వయసు రాలేదు. ఇప్పటికి జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ అని చిన్నపిల్లల విభాగం ఉంటుంది, అక్కడ చూపించమను. ఆరేళ్ళ లోపల ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ తీసుకోవాల. చిన్నపిల్లలకు మొదట తాత్కాలికంగా ఇస్తారు, కొన్నేళ్ళకు మళ్ళా పరీక్ష చేస్తారు. విసుక్కోకుండా పోవాల, ఆ కాగితం లేకపోతే ఏ తలుపూ తెరుచుకోదు. 40 శాతం గానీ, ఆపైన గానీ ఉంటే పింఛను వస్తుంది, 2024 జులై నుంచి అది నెలకు 6000 చేసినారు. పూర్తిగా మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనోళ్ళకు 15000. కేంద్ర ప్రభుత్వం నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఇన్సూరెన్సు కూడా కట్టమను, సీపీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నోళ్ళకు ఏడాదికి లక్ష దాకా వైద్యం ఖర్చు ఇస్తారు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ఇంగ కొంచెం పెద్దయినాక మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, ఆడ ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ చేసేవాళ్ళు వస్తారు. మా బుజ్జికి బడి తరపున ఆడపిల్లల స్టైపెండు నెలకు 200 వస్తాది. అది తన జీతమంట. మొన్న నాకు చిల్లర లేక అడిగితే "వడ్డీ ఎంతిస్తావు?" అంది.

ఈ కాగితాల కంటే వీధిలో జరిగేది చెప్తే నీకు నవ్వొస్తుంది. సాయంత్రం వీధిలో పిల్లోళ్ళు క్రికెట్ ఆడతారు గదా. బుజ్జి వాకరు ముందు పెట్టుకొని నిలబడి ఒంటి చేత్తో బ్యాటింగు. పరిగెత్తేది చరణ్. వాడు రనౌట్ అయితే అది వాన్ని తిట్టే తిట్లు నీకు చెప్పలేను, అవి మీ వీధిలో నేర్చుకున్నవే. ఒక పొద్దు బంతి పోయి వాకరు కాలికి తగిలింది. బౌలరు పిల్లోడు "ఎల్‌బీడబ్ల్యూ" అన్నాడు. ఇది "వాకరు కాలు కాదు, బ్యాటు కింద లెక్క" అంది. పెద్ద గొడవ. వీధి వీధంతా రెండుగా చీలింది. రిటైరయిన తహశీల్దారు సారు అరుగు మీద నుంచి లేచి వచ్చి విచారణ జరిపి, వాకరు శరీరంలో భాగమేనని తీర్పు ఇచ్చినాడు. బుజ్జి ఔట్. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ బౌలరు పిల్లోణ్ణి పిలిచి ఐస్‌క్రీం కొనిపెట్టాలనిపించింది. ఔట్ ఇయ్యమని కొట్లాడినాడు చూడు, "పోనీలే పాపం" అనకుండా!

ఉగాదికి మీ అమ్మ వచ్చినప్పటి సంగతి నీకు సరిగా చెప్పలేదు. ప్రతి ఏడూ మీ ఇంట్లోవాళ్ళు దేవుని కడప వెంకన్న గుడికి పోతారు గదా, స్వామి భార్య బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆడబిడ్డ ఇంటికి సారె తీసుకుపోతాండాం అని. ఈసారి మమ్మల్నీ రమ్మంది. ఆ జనంలో వీల్‌చెయిర్ యాడ పోతాది, తర్వాత పోదాంలే అని ఈశ్వరి అంటే, మీ అమ్మ ఇంతెత్తున లేచింది. "పండగ పూట రాకుండా ఇంగెప్పుడొస్తాది?" అని. పొద్దున్నే పోతిమి. బెల్లం, టెంకాయ, చింతపండు ఉన్న సంచి తీసి బుజ్జి ఒళ్ళో పెట్టి, "నువ్వు పట్టుకో, జారితే నిన్నే అడుగుతా" అంది. ముందు మీ అమ్మ, వెనక మేము. తోపులాటలో ఎవరో "వీల్‌చెయిర్ వాళ్ళను పక్క నుంచి పంపండి" అంటే, మీ అమ్మ "ఎందుకు? అందరం ఇట్లే పోతాం" అని కదల్లేదు. నాకైతే పక్క దారిలో పోవాలనే ఉండింది, మెడ మీద చెమట కారిపోతాంది. కానీ బుజ్జి ఆ సంచి రెండు చేతులా పట్టుకొని కదలకుండా కూర్చుంది చూడు, బిగుసుకున్న వేళ్ళు అంత సేపు సంచి వదల్లేదు. గుళ్ళో పూజారికి తనే అందించింది. ప్రసాదం తీసుకొని బయటికొచ్చినాక, సంచిలో బెల్లం గడ్డ ఒకటి తగ్గిందని మీ అమ్మ కనిపెట్టింది. ఎవరు తిన్నారో చెప్పనక్కర్లేదు.

మీ చెల్లెలు పిల్లోణ్ణి పెళ్ళిళ్ళకు, ఉర్సుకు, బజారుకు తీసుకుపోవడం ఇప్పటి నుంచే అలవాటు చేయాల. కూర్చోలేకపోతే ఒళ్ళో కూర్చోబెట్టుకొని. జనం చూస్తారు. చూడనీ. పదిసార్లు చూసినాక వాళ్ళకే అలవాటవుతుంది. ఇంట్లో దాచిన బిడ్డను మాత్రం ఎప్పుడు చూసినా కొత్తగానే చూస్తారు. ఇంకో మాట, ఎత్తుకునేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు మడిచి ఎత్తడం ఫిజియోథెరపిస్టును అడిగి నేర్చుకోమను. ఈశ్వరికి ఇప్పుడు నడుము నొప్పి, బిడ్డ బరువు ఏటికేడు పెరుగుతాంటుంది గదా. మీ బావ కూడా ఎత్తాల, ఆడోళ్ళ పని అని పక్కన నిలబడితే కుదరదు.

మీ బావకు నా నంబరు ఇయ్యి. ఆదివారం షాపు ఉండదు, పిల్లోణ్ణి తీసుకొని కడపకు రమ్మను. బుజ్జి వాన్ని చూస్తానంటాంది. "వానికి చుట్లు లెక్కపెట్టేది నేర్పిస్తా, నేను పెద్దదాన్నయితే షాపులో ఆ పని ఎవరు చేస్తారు?" అంట. ఇప్పుడే ఉద్యోగాలు పంచుతాంది.

నువ్వు రంజాన్‌కు వస్తావు గదా. వచ్చేటప్పుడు ఖర్జూరాలు సరే, దానికి మోకాలి దాకా వచ్చే పొడుగు నూలు సాక్సులు తీసుకురా, తెల్లవి, కుట్లు మందంగా లేనివి. కాళ్ళకు వేసే ప్లాస్టిక్ స్ప్లింట్లు మన ఎండలో చెమటకు ఒరుసుకొని బొబ్బలెక్కుతాయి, లోపల మంచి నూలు ఉంటే ఆ బాధ తగ్గుతుంది. దాని పాదం కొలత ఈ కాగితం వెనక పెన్సిల్‌తో గీసినా. గీసేటప్పుడు గిలిగింతలకు కాలు లాక్కుంది, ఆరు వేళ్ళున్నట్టు వచ్చింది. పట్టించుకోవద్దు, ఐదే.

నీ
శీనుగాడు